ఓడ పిన్ని తీర్పులు

"జలపాతమా? హాయిగా గదిలో పడుకోండి," అంది ఓడ పిన్ని.

అంతే. కొత్త పెళ్లికూతురి ఉత్సాహం కాస్తా ఐస్‌క్రీం గిన్నెలో పడి కరిగిపోయింది.

హనీమూన్‌కి వారం రోజుల ఓడ ప్రయాణం. మూడు రేవులు. రెండు అయిపోయాయి. ఆ రెండింటిలోనూ వాళ్లు నేల మీద కాలు పెట్టలేదు. కారణం, భోజనాల బల్ల దగ్గర వాళ్లకి ఎదురుగా కూర్చునే ఈ పెద్దావిడే. రేపు చివరి రేవు. రేపూ దిగకపోతే, ఇంటికెళ్లాక "ఏం చూశారే?" అని ఎవరైనా అడిగితే "బఫే" అని చెప్పుకోవాలి.

మొదటి పూట పరిచయంలోనే ఆవిడ మొగుడుగారిని బుట్టలో వేసుకుంది.

"ఇరవయ్యారేళ్లు ఈ ఓడలోనే తిరిగాను నాయనా. నాకు తెలియంది లేదు."

"ఇరవయ్యారేళ్లే!" అతను దణ్ణం పెట్టినంత పని చేశాడు. "ఎంత ఆస్తి ఉండాలి!" అని భార్య చెవిలో గొణిగాడు. ఆ నిమిషం నుంచీ ఆవిడ మాట వేదవాక్కు. పిన్నిగారూ అని వరస కూడా కలిపేశాడు.

ఆవిడవి ఉత్త కబుర్లు కావు, ఆ మాట ఒప్పుకోవాలి. "రెండో రోజు ఓడ ఊగుతుంది, టమాటా సూపు జోలికి పోకండి," అంది. ఆ రోజు సగం హాలు సూపు ఒళ్లో పోసుకుంది. "కెప్టెన్ విందుకి తెల్ల చొక్కా తొడిగేవాడంత తెలివితక్కువవాడు ఉండడు," అంది. పక్క బల్ల డాక్టరుగారు తెల్ల చొక్కాతో వచ్చి, ఆపరేషన్ థియేటర్లోంచి బయటికొచ్చినట్టు వెళ్లాడు.

చిక్కల్లా రేవుల దగ్గరే.

"గుర్రపుస్వారీయా? వెళ్లొచ్చినవాడి ప్యాంటు వెనక ఎప్పుడైనా చూశారా? జల్లెడే!" మొదటి రేవు రద్దు.

"ద్రాక్షతోటా? పొద్దున మల్లెపూవుల్లా వెళ్తారు, సాయంత్రానికి వంకాయల్లా వస్తారు." రెండోదీ రద్దు.

పెళ్లికూతురు అప్పటికీ సర్దుకుంది. అగ్గిపెట్టంత గది, గుండ్రటి కిటికీ, బొటనవేలంత సబ్బులు, తువ్వాలుని ఏనుగులా మడిచి మంచం మీద కూర్చోబెట్టే, గది సర్దే మనిషి, అన్నీ ఆమెకి ముద్దొచ్చాయి. అప్పుడప్పుడు మొగుడు కూడా. ఓసారి పిన్ని వాళ్ల గదికొచ్చి ఆ ఏనుగుని చూసి మొహం చిట్లించింది. "తొండం ఇలాగా పెట్టేది?" అని విప్పేసి, రెండు మెలికల్లో మళ్లీ మడిచింది. ఈసారి ఏనుగు ఘీంకరించేలా ఉంది.

"చూశావా, అనుభవం!" అన్నాడు మొగుడు, ఆవిడ వెళ్లాక.

"ఆ అనుభవానికి నిన్న ఈతకొలనుకి దారి తెలియక నన్నడిగింది మీ పిన్ని."

"పెద్దావిడ. మతిమరుపు."

"వెయిటర్లు అడక్కుండానే ఆవిడకి రెండో ఐస్‌క్రీం తెచ్చిపెడతారు. మనకి ఒకటే."

"పాత కస్టమరు. మర్యాద."

ఇప్పుడు జలపాతం కూడా చేజారుతోంది. పెళ్లికూతురు చెంచా పక్కన పెట్టింది.

"ఎందుకు వద్దు పిన్నిగారూ?"

"ఎర్ర బురదమ్మా. అందరూ జారిపడతారు. రెండు మోకాళ్లూ, ఒక పిర్ర. ఎప్పుడూ కుడిదే, ఎందుకో ఆ దేవుడికే తెలియాలి. ఆ మరక చచ్చినా వదలదు."

"పోనీ, జలపాతం ఎలా ఉంటుంది?"

పిన్ని ఒక్క క్షణం తడబడింది. "ఎలా ఉంటుంది? నీళ్లు. పైనుంచి కిందికి."

"అందంగా ఉంటుందా?"

"తడిగా ఉంటుంది."

"విన్నావుగా," అన్నాడు మొగుడు. "రేపు కూడా హాయిగా పడక కుర్చీల్లో..."

"ఏమండీ శ్రీవారూ, మీరు పెళ్లి చేసుకుంది నన్నా, పిన్నిగారినా?"

పక్క బల్ల డాక్టరు నవ్వొస్తే దగ్గాడు.

"రేపు నేను దిగుతున్నాను," అంది పెళ్లికూతురు. "జారతాను. కుడి పిర్ర మీదే పడతాను. హనీమూన్‌కి వెళ్లి ఒక్క మరకైనా లేకుండా ఇంటికి పోతామా? మీరూ వస్తున్నారు. పిన్నిగారూ, మీరు కూడా!"

"నేనా? నేను రేవుల్లో దిగనమ్మా. అలవాటు లేదు."

"చూసీ చూసీ మొహం మొత్తిందా?"

పిన్ని ఒళ్లో రుమాలు తీసి నాలుగు మడతలు పెట్టింది. ఎనిమిది పెట్టింది. అంచులు బొటనవేలితో నొక్కుతూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే మొగుడు మట్టిరంగు ప్యాంటుతో తయారయ్యాడు. తిప్పలు తప్పనప్పుడు జాగ్రత్త మంచిదని. ఓడ దిగే నిచ్చెన మెట్ల దగ్గర పిన్ని అప్పటికే నిలబడి ఉంది. పైనుంచి కిందిదాకా తెల్లబట్టలు. ఇస్త్రీ మడత నలగలేదు.

"పిన్నిగారూ, ఎర్ర బురదన్నారు!"

"పడనీ నాయనా. ఈసారికి పడనీ."

మెట్ల దగ్గర కార్డులు చూసే ఉద్యోగి ఆవిణ్ణి చూసి గబుక్కున లేచి సలాం కొట్టాడు. పిన్ని దిగింది. ఒక మెట్టు, రెండు, మూడు. ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది. రెయిలింగు రెండు చేతులా పట్టుకుంది. వెనక వరసంతా నిలిచిపోయింది. ఎవరో విసుక్కున్నారు.

పెళ్లికూతురు కిందికి దూకి, చెయ్యి చాచింది. "రండి పిన్నిగారూ! ఏదో కొత్తయినట్టు!"

"కొత్తే తల్లీ," అంది పిన్ని ఆ చెయ్యి పట్టుకుని కాలు మెల్లగా నేలకి ఆనిస్తూ, "ఓడ రేవుకొచ్చిన రోజే దుప్పట్లన్నీ మా లాండ్రీలోకి దిగేవి, రిటైరయ్యేదాకా ఇరవయ్యారేళ్లు ఆ అడుగు గదిలో మీలాంటివాళ్ల బురద ఉతకడమే గానీ, ఆ బురద పుట్టేచోటు చూడ్డం నాకిదే మొదలు."