ఎవరన్నారు పదేళ్లని?

ఇలా దగ్గరికి జరగండి, ఫ్యాను చప్పుడుకు సగం మాటలు కొట్టుకుపోతాయి. లెక్కలమ్మ ఉద్యోగం ఒక అంకె మీద ఎలా ఊగిసలాడిందో చెబుతాను.

గోడ మీది తెరపై ఆమె లెక్క ఇలా పడిందో లేదో, కందిరీగ మాస్టారు అలా కుట్టేశాడు.

"లోకమంతా పదేళ్లంటుంటే మీరొక్కరే ఇరవై అంటారేంటమ్మా? లోకానికి లెక్కలు రావా?"

అది ఇంటర్వ్యూ గది. పొడుగాటి బల్లకు అవతల ముగ్గురు పెద్దలు, ఇవతల లెక్కలమ్మ ఒక్కతే. ఓ పక్కన కందిరీగ మాస్టారు, నడిమి కుర్చీలో పెద్ద మేడం. ఆవిడ ఊ అంటే యూనివర్సిటీలో పర్మనెంటు ఉద్యోగం. ఊహూ అంటే నెలాఖరుకు పుస్తకాలు సర్దుకుని ఇంటికి పోవడమే. ఏడాదికోసారి కొనసాగిస్తారా, సాగనంపుతారా అని గుమ్మం దగ్గర నిలబడే ఉద్యోగంతో అప్పటికే ఆమె ప్రాణం విసిగిపోయింది. బయట వరండాలో అత్తగారు మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపలికి పంపేముందు కోడలి చెవిలో ఊది మరీ పంపింది. "వాదనకు దిగకే తల్లీ. ముందు ఉద్యోగం చేతిలో పడనీ. ఆ తర్వాత ఎంతసేపు వాదించుకుంటావో వాదించుకో."

పెళ్లికి ఎంతమంది వస్తారో, ఏ వేళకు వస్తారో ముందే ఊహించి పొయ్యి వెలిగించే వంటమనిషి ఉంటాడు చూశారూ, లెక్కలమ్మ పని అలాంటిదే. ఊరికి ఏ పూట ఎంత కరెంటు కావాలి, అందులో ఎండ ఎంత ఇస్తుంది, గాలి ఎంత ఇస్తుంది, మబ్బు పట్టిన రోజు గతేమిటి అని ఊరంతటినీ ముందే కంప్యూటర్లో నడిపించి చూస్తుంది. దాన్ని మోడల్ అంటారు. పగటి ఎండను రాత్రికి దాచిపెట్టే పెద్ద బ్యాటరీలు పదేళ్లకే పాడైతే, వాటిని మార్చుకుంటూ పోవడం ఊరి తరం కాదు. కరెంటు కోసం బొగ్గు మండవలసిందే. ఇరవై ఏళ్లు పనిచేస్తే మాత్రం బొగ్గుకు సెలవు. మోడలంతా ఆ ఒక్క అంకె మీదే ఒంటికాలిపై నిలబడి ఉంది.

పాత బ్యాటరీలు ఎక్కడున్నాయంటే అక్కడికి వెళ్లి కొలిచాననీ, ఇరవయ్యేళ్ల ముసలివయినా ఇంకా నిక్షేపంలా పనిచేస్తున్నాయనీ లెక్కలమ్మ చెప్పుకుంది. మాస్టారు వింటేగా. ఈ రంగంలో అందరూ ప్రమాణంగా పట్టుకునే పెద్ద నివేదికలో పదేళ్లని అచ్చేసి ఉందన్నాడు. దాన్ని తయారుచేసినవాళ్లంతా తలపండినవాళ్లన్నాడు.

అత్తగారి మాట చెవిలో మోగుతూనే ఉంది. కానీ ఎదురుమాట అప్పటికే నోరు దాటేసింది.

"తలపండినవాళ్లకు ఆ పదేళ్లని ఎవరు చెప్పారు సార్?"

పెద్ద మేడం కళ్లజోడు సర్దుకుంది. ఇదేదో బాగానే ఉంది, చూద్దామంది. కంప్యూటర్ని లెక్కలమ్మ ముందుకే జరిపించింది.

ఈ చదువుల్లో ఒక పద్ధతి ఉంది. అన్నీ ఎవరికి వారు కొలుచుకోలేరు కనుక ఒకరి అంకెను ఇంకొకరు వాడుకుంటారు. ఎవరి దగ్గర తీసుకున్నారో అడుగున రాస్తే చాలు, తప్పులేదు. పెద్ద నివేదిక అడుగున చూస్తే, ఫలానా శాఖవారి ప్రణాళికలోంచి తీసుకున్నామని ఉంది. ప్రణాళికేమో ఒక లావుపాటి పుస్తకం మీదికి తోసింది. పుస్తకం ఒక వ్యాసం మీదికి, ఆ వ్యాసం ఇంకో వ్యాసం మీదికి. తోడికోడలు చెప్పిందని ఆడపడుచు, ఆడపడుచు చెప్పిందని పక్కింటావిడ! చెప్పేవాళ్లే గానీ చూసినవాళ్లు లేరు. మొదట్లో కుర్చీలో దర్జాగా వెనక్కి వాలిన కందిరీగ మాస్టారు, వ్యాసాల దాకా వచ్చేసరికి తెర వైపు మెడ సాచాడు.

చివరికి ఆ దారి ఎప్పటిదో ఒక విద్యార్థిని రాసిన థీసిస్ దగ్గర ఆగిపోయింది. ఇక అవతల ఏమీ లేదు. పట్టిక కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంతే ఉంది: 'సరైన సమాచారం దొరకలేదు. ప్రస్తుతానికి పదేళ్లు అనుకుందాం. తర్వాత సరిచూడాలి.'

అంతవరకూ కునుకుతూ ఉన్న మూడో పెద్దాయన నిద్ర వదిలి మరీ నవ్వాడు. పెద్ద మేడం కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. ఒక పిల్ల 'అనుకుందాం' అంటే ఇంతమంది పెద్దలం అనేసుకున్నామా అని ఆవిడకు ఒకటే నవ్వు.

కందిరీగ మాస్టారికి మాత్రం ముఖం కందగడ్డయింది.

"ఎవరండీ ఈ పిల్ల? ఇలాంటివాళ్లను ఈ రంగం గడప తొక్కనివ్వకూడదు."

థీసిస్ అట్ట మీదున్న ఇంటిపేరు, పొడి అక్షరాలతో వెతికించాడు. ఆ తర్వాత ఒక్క వ్యాసం లేదు, ఒక్క ఉపన్యాసం లేదు. చదువు చాలించుకుని ఉంటుంది, పీడా పోయిందన్నాడు.

లెక్కలమ్మ నవ్వలేదు. మౌస్ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

పెద్ద మేడం నవ్వు ఆపుకుని ఆమె వైపు తిరిగింది. "మీ ఇరవై నిలబడిందమ్మా. ఉద్యోగం మీ చేతిలో పడ్డట్టే. నాకు ఒక్కటే అంతుబట్టలేదు. తర్వాత సరిచూడాలని తన చేత్తో తనే రాసుకుని, ఆ అమ్మాయి మళ్లీ ఎందుకు చూడలేదంటారు?"

ఒక నమస్కారం పెట్టి బయటికొచ్చేస్తే సరిపోయేది. లెక్కలమ్మ లేచి నిలబడింది, కానీ తలుపు వైపు నడవలేదు.

ఇప్పుడా ఊళ్లో బొగ్గు గొట్టానికి పొగలేదు, పైన పావురాలు కాపురం పెట్టాయి. లెక్కలమ్మ ఆ యూనివర్సిటీలోనే పాఠాలు చెబుతోంది. కందిరీగ మాస్టారిది పక్క గదే. ఇద్దరూ కలిసి టీ తాగుతారు, తాగినంతసేపూ పోట్లాడుకుంటారు. మీరూ ఈ సంగతి మనసులో పెట్టుకుని నలుగురికీ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం నాలాగే, ఆమె లేచి అన్న మాటను ఆఖరిదాకా దాచుకోండి.

"చూసిందండీ, కాస్త ఆలస్యమైనా చూసింది. ఈలోగా పెళ్లయి ఇంటిపేరు మారింది, అంతే."