కాటన్ దొర కాని దొర

“సాయంత్రం జయంతి సభకి ఆ పటం ఇప్పించండి మాస్టారూ. మా కాటన్ దొరగారి పటాన్ని చెదలు తినేశాయండి,” అన్నాడు చిట్టియ్య. అతని చేతిలో బంతిపూల దండ, కొబ్బరికాయ ఉన్నాయి.

చరిత్ర మాస్టారు భాస్కరం ఉలిక్కిపడ్డాడు. “ఈయన కాటన్ దొర కాదయ్యా! సర్ హంఫ్రీ. అంతకు రెండువందల ఏళ్ళ ముందువాడు. డబ్బు పోసి బారొనెట్ బిరుదు కొనుక్కున్నాడు. పార్లమెంటు మెంబరు.”

“కాలవలు తవ్వించాడాండి?”

“ఇంటిముందు మురుక్కాలవ కూడా తవ్వించలేదు. ఆఖరికి ఎన్నికల్లో ఓ ఉన్ని వ్యాపారి చేతిలో ఓడిపోయాడు.”

“దొరే కదండీ. ఈ పూటకి సర్దుకుంటాం.”

భాస్కరం పదకొండేళ్ళుగా హంఫ్రీ మీద థీసిస్ రాస్తున్నాడు. ఇన్నాళ్ళూ తన ఉపన్యాసాలు విన్నది గోడమీది బల్లి ఒక్కటేనని తనలో తానే నవ్వుకునేవాడు. రాజమండ్రిలో ఓ పాత బంగళా వేలంలో హంఫ్రీ జీవితచరిత్ర, వెడల్పాటి ఫ్రేముతో ఈ పటం ఒకే కట్టగా దొరికాయి. ఆ ముఖం చూసే మొదటి అధ్యాయమంతా రాశాడు. ‘ఓడినా చెదరని ఠీవి, కళ్ళలో పుట్టుకతో వచ్చిన పెద్దరికం’ అంటూ. రేపే థీసిస్ వాల్తేరు యూనివర్సిటీకి పంపాలి. అది ఒప్పుకుంటేనే కాలేజీలో ఉద్యోగం.

తన దొరకీ ఒక్క దండ పడుతుంది కదా అని పటం ఇచ్చేశాడు.

సాయంత్రం లాకుల దగ్గర సభలో మాత్రం ఉండబట్టలేకపోయాడు. మైకు అందుకుని నిజం చెప్పేశాడు. “ముఖం చూసి మనిషిని పోల్చుకోవద్దూ!” అని మందలించాడు కూడా.

“మేం చూడలేదు సరే, మీరు చూసొచ్చారా ఏంటండీ?” అన్నాడు చిట్టియ్య. జనం గొల్లుమన్నారు. చిట్టియ్య పటం ముందు కొబ్బరికాయ కొట్టాడు. నీళ్ళు పటంమీద చిందాయి.

ఇంటికొచ్చాక థీసిస్‌కి పురికొస కడుతూ భాస్కరం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. “వెర్రి జనం నాగేశ్వరీ! ఎవరి పటమో తెలీకుండానే దండేసేశారు.”

“ఫ్రేములోకి కొబ్బరినీళ్ళు దిగాయండి. విప్పి ఆరబెడుతున్నాను,” అంది భార్య. పటం బయటికి తీసి, “అడుగున ఫ్రేము చెక్క చాటున ఇంగ్లీషులో ఏదో అచ్చేసి ఉంది. చూడండి,” అంది.

భాస్కరం కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. పురికొస చేతిలోంచి జారిపోయింది.

పటంలో ఉన్నది ఆ ఉన్ని వ్యాపారి.