డ్యూటీకి ముందు ఒక చుక్క

ఫోను తెర ఎర్రబడింది. షుగరు హద్దు దాటిందన్న కబురు అప్పటికే డిపోకు చేరిపోయింది. ఈ పూట డ్రైవరుకు బస్సు ఇవ్వరు. రేపూ ఇదే వస్తే ఉద్యోగానికే ఎసరు.

“నిన్నటిదాకా పచ్చగానే ఉంది కదే. లక్ష్యం సాధించారని మెచ్చుకుంది కూడా, ఈ మాయదారి ఫోను,” అన్నాడతను, చొక్కా గుండీలు సగంలో వదిలేసి.

భార్య ఇంకో వేలికి సూది గుచ్చి, ఫోనుకు జతచేసిన మీటరుకు రక్తపు చుక్క అందించింది. మళ్లీ ఎరుపే.

“ఏ వేలైతేనేం, ఒళ్లొకటేగా,” అంది.

అతని షుగరు బయటపడకూడదని ఇన్నాళ్లూ ఆమె గుచ్చుకుంటున్నది తన వేళ్లనే.

“నాకూ వచ్చేసిందండీ.”

“మరి రేపెలాగే?”

పక్క గదిలో కూతురు జడ అల్లుకుంటోంది. ఇద్దరి చూపూ ఆ వేళ్ల మీదే ఆగింది.