క్యారేజీకి తాళం

ఆవాల గిన్నెలో వేలుపెట్టి కెలికితే తాళంచెవి తగిలింది. బసవయ్య లోలోపల నవ్వుకున్నాడు. మొన్న దేవుడి పటం వెనక, నిన్న కందిపప్పు డబ్బా కింద, ఇవాళ పోపులపెట్టెలో. ఎమ్మెస్సీ చదివి బళ్ళో పాఠాలు చెబుతుందన్న మాటేగానీ, కోడలికి వస్తువు దాచడం మాత్రం చేతకాదు.

మధ్యాహ్నం రెండయింది. భార్య రాఘవమ్మ టీవీ ముందు కునుకు తీస్తోంది. కోడలు సింధూర బడి నుంచి రావడానికి ఇంకా మూడు గంటలుంది. బసవయ్య ఫ్రిజ్‌లోంచి స్టీలు క్యారేజీ తీసి, దానికున్న బుల్లి తాళం విప్పాడు. తురిమిన క్యారట్, చెక్కు తీసిన కీరా, మొలకెత్తిన పెసలు, పైన కాస్త పచ్చిమామిడి కోరు.

పైనుంచి తీస్తే దొరికిపోతాడు. అందుకని అడుగునుంచి నాలుగు గుప్పెళ్ళు లాగి, మిగిలినదాన్ని గుల్లగా సర్దాడు. పోయినేడు ఆయనకు పైపళ్ళు మూడు ఊడాయి. అదృష్టం బాగుండి కోడలు అన్నీ సన్నగా తురుముకుంటుంది కాబట్టి సరిపోయింది.

ఈ సంగతి బయటపడితే మాత్రం పరువు గంగలో కలిసినట్టే. జగ్గయ్యపేటలో చిప్స్‌కీ కూల్‌డ్రింకులకీ ఏజెన్సీ ఆయనదే. గరికపాడు చెక్‌పోస్టు దగ్గరి ధాబాల నుంచి నందిగామ బస్టాండు కొట్ల దాకా వేలాడే పాకెట్లు ఆయన గోడౌన్ సరుకే. డేటు దగ్గరపడ్డవన్నీ ఇంటికి చేరతాయి. పొద్దున నూడుల్స్, సాయంత్రం చిప్స్, రాత్రికి పాకెట్ పరోటా. మధ్యాహ్నం అన్నం తప్ప ఇంటిల్లిపాదికీ అదే తిండి.

మూడు నెలల కిందట నందిగామ డాక్టరు, షుగరు మూడొందలు దాటింది, పాకెట్లు మానేసి పచ్చి కూరగాయలు తినమన్నాడు.

"గడ్డి తినడానికి నేనేమన్నా గేదెనా? నా సరుకు నేనే తినకపోతే ఊళ్ళో ఎవడు కొంటాడండీ?" అని బసవయ్య విసురుగా లేచొచ్చేశాడు.

ఆ తర్వాత వారం తిరక్కుండానే సింధూర పచ్చి తిండి మొదలుపెట్టింది. ఇంట్లో అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా బసవయ్యే నవ్వాడు.

"అమ్మాయ్, చిట్టూ తవుడూ కూడా తెప్పించనా?"

సింధూర ఉడుక్కోలేదు. "ఇది నా ఒక్కదానికే మామయ్యగారూ. ఎవరూ ముట్టుకోవద్దు" అంది.

ఆ ముట్టుకోవద్దన్న మాటే బసవయ్యను కుట్టింది. సొంత ఇంట్లో, సొంత ఫ్రిజ్‌లో, తను ముట్టుకోకూడని వస్తువా! మర్నాడు మధ్యాహ్నం ఒక గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. మామిడి పులుపు నాలుక్కి తగిలింది. ఆ మర్నాడు రెండు గుప్పెళ్ళు. పదిరోజులకు సింధూర తాళం కొంది. తాళం పడ్డాక దాని రుచి ఇంకా పెరిగింది. మొన్నటి పరీక్షలో షుగరు నూట అరవైకి దిగితే, మాత్రల మహిమ అనుకున్నాడు.

ఆ సాయంత్రం సింధూర క్యారేజీ పట్టుకుని హాల్లోకి వచ్చింది.

"అత్తయ్యా, మళ్ళీ సగం లేదు. తాళం వేసినా పోతోంది."

"ఇంకెవరు, ఆ కృపాజ్యోతే అయ్యుంటుంది" అంది రాఘవమ్మ. కృపాజ్యోతి ఆరేళ్ళుగా వాళ్ళింట్లో వంట చేస్తోంది. "అయినా ఇన్నాళ్ళూ గడ్డి తింటున్నా నీ బుగ్గలు బూరెల్లాగే ఉన్నాయిగదే. పోతే పోయిందిలే."

"అలా ఎలా వదిలేస్తాను? రేపు ఆదివారమేగా. వాళ్ళింటికే వెళ్ళి తేల్చుకుంటా."

బసవయ్య చేతిలోని చిప్ చేతిలోనే ఉండిపోయింది. "పోనీలేమ్మా, క్యారట్ ముక్కల కోసం మనిషిని నిలదీస్తామా?"

"ఇవాళ క్యారట్, రేపు గాజులు. మీరూరుకోండి" అంది రాఘవమ్మ.

ఆ రాత్రి బసవయ్యకు కంటిమీద కునుకు పట్టలేదు. ఈ ఆరేళ్ళలో కృపాజ్యోతి అడక్కుండా ఒక్క ఉల్లిపాయ ముట్టుకుని ఎరగదు. ఆ జీతంతోనే కూతురిని నర్సింగు చదివిస్తోంది. తన నాలుక చాపల్యానికి అలాంటి మనిషి మీద దొంగ ముద్ర పడుతుంటే బసవయ్యకు తనమీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు చర్చి వదిలే వేళకు సింధూర బయల్దేరింది. బసవయ్య పది నిమిషాలు హాల్లో అటూ ఇటూ తిరిగాడు. పరువు పోతే నలుగురూ నాలుగు రోజులు నవ్వుతారు. ఉసురు తగిలితే ఊరికే పోదు. చొక్కా తగిలించుకుని స్కూటరు తీశాడు. దారి పొడవునా ఒక్క మాటే వల్లించుకున్నాడు: "అమ్మాయ్, ఆవిణ్ణేమీ అనకు. దొంగని నేనే."

కృపాజ్యోతి ఇంటి ముందు స్కూటరు ఆపాడు. అరుపులూ ఏడుపులూ వినబడతాయనుకున్నాడు. ఏమీ లేవు. ఓరగా వేసిన గేటు సందులోంచి తొంగిచూశాడు.

అరుగు మీద కృపాజ్యోతి కూర్చుని క్యారట్లు తురుముతోంది. పక్కనే కాళ్ళు బారజాపుకుని సింధూర. ఆమె ఒళ్ళో బసవయ్య గోడౌన్ సరుకే, మసాలా చిప్స్ పెద్ద పాకెట్, అప్పటికే సగం ఖాళీ.

"అయ్యగారికి పైపళ్ళు లేవుగదమ్మా, ఇంకాస్త సన్నగా తురమనా?" అడిగింది కృపాజ్యోతి.

"చాల్లే జ్యోతక్కా, లొట్టలేసుకుంటూ తింటున్నారుగా" అంటూ సింధూర ఇంకో చిప్ నోట్లో వేసుకుంది. "ఇంట్లో ఆ గడ్డి తింటున్నట్టు నటించలేక నేనే చస్తున్నా. రేపట్నించి కాకరకాయ రసం పెడదాం. దానికి మాత్రం రెండు తాళాలు వెయ్యాలి."