దారిలో లేని గెలాక్సీ

"యెనకాల ఫ్యాను కింద కూచుంటే పోదా పాపా? సారు మొగంలోకి మొగం పెట్టి కూచోవల్లనా?" అంది లక్ష్మీదేవమ్మ.

"ఈడైతేనే ఆయన మొగం బాగా కనపడేది మా. కూచో," అంది కూతురు పద్మప్రియ.

అనంతపురం కాలేజీ హాలు నిండిపోయింది. వేదిక మీద సోమశేఖర్ సారు లాప్‌టాప్ సర్దుకుంటున్నాడు. పద్మప్రియ నాలుగేళ్లుగా ఆయన దగ్గరే పరిశోధన చేస్తోంది.

"ఇంతకీ దేని మీదనే ఈ మీటింగు?"

"క్వేజారు అని శానా దూరంలో ఒక దీపముందనుకో. దాని వెలుతురు మన దాకా వచ్చే దారిలో ఒక గెలాక్సీ అడ్డమొస్తాది. అది మనకు కనపడదు. దాంట్లో ఉండే గ్యాసు వెలుతుర్లో కొన్ని రంగుల్ని మింగేస్తాది. మింగిన చోట నల్లగీతలు పడతాయి. దుమ్ములో కలిసిపోయిన లోహం గీత సన్నబడతాది. ఆ గీతల్ని బట్టి ఆడ దుమ్మెంతో చెప్తాం."

"దుమ్ముకు అంత దూరం పోవల్లనా? మన బెళుగుప్పకు రమ్మను, గంపలకెత్తిస్తా."

పద్మప్రియ నవ్వింది. రెండేళ్లకు కూతురు నవ్విందని తల్లి మురిసిపోయింది.

రెండేళ్ల కిందట పద్మప్రియ అలాంటి గెలాక్సీ ఒకటి కనిపెడితే, దాని మీద రాసిన వ్యాసాన్ని సారు తన ఒక్కడి పేరుతో అచ్చువేసుకున్నాడు. ఆస్పత్రి మంచం మీద నాయన గోవిందప్ప, "నీ పేరు యాడుందో చూపీ తల్లీ" అని పేజీలు తిప్పించుకున్నాడు. ఆమె తిప్పుతూనే ఉంది. వారం తిరక్కుండా ఆయన పోయాడు.

అప్పటినుంచి కాచుకుంది.

విద్యార్థుల చూపును పరీక్షించడానికి సారు దగ్గర ఒక పద్ధతి ఉంది. నిజమైన వెలుతురు పటంలో కంప్యూటరు మీద కొన్ని దొంగగీతలు కలిపి, ఏవి దొంగవో జాబితా రాసి పెడతారు. కలిపే పని పద్మప్రియది. ఈసారి ఒక దొంగ గెలాక్సీని ఆమె జాబితాకెక్కించలేదు. దుమ్ములో కలవని జింకు గీతను లోతుగా గీసి, క్రోమియం గీతను కనపడీ కనపడనట్టు వదిలింది. క్రోమియమంతా దుమ్ములో కలిసిపోయిందనీ, ఇంత దుమ్మున్న గెలాక్సీ ఇదివరకు లేదనీ చూసినవాళ్లు ఎగిరి గంతేయాలి.

తానే కనిపెట్టినట్టు తీసుకుపోయి సారు చేతిలో పెట్టింది.

"జాబితాలో లేదు కదమ్మా?" అన్నాడాయన.

"లేదు సార్."

ఆ తర్వాత మూడు నెలలు ఆయన దాని ఊసెత్తలేదు. పోయినసారి దొంగిలించే ముందూ ఇట్లాగే మూగనోము పట్టాడు.

లాప్‌టాప్ సర్దడం ముగించి సారు వేదిక దిగి వచ్చి తల్లికి నమస్కారం పెట్టాడు. "బాగుండావాక్కా? గోవిందప్పన్న ఉండింటే ఈపొద్దు శానా సంతోషపడేవాడు."

పద్మప్రియ పళ్లు బిగించింది. "వ్యాసం పంపినారా సార్?"

"పొద్దున్నే నెట్లో పెట్టేసినా. లోకమంతా చూస్తాంటుంది. ఇంక వెనక్కి తీసుకునేదానికి లేదు."

"అదే కావల్ల సార్."

ఉపన్యాసం మొదలైంది. ఆమె గీసిన రెండు గీతలు తెర నిండా పరుచుకున్నాయి. హాలంతా చప్పట్లు.

"ఇది ఎవురు కనుక్కున్నారో ఇప్పుడు చెప్తా," అన్నాడు సారు, మీట మీద వేలు పెట్టి.

పద్మప్రియ లేచింది. తల్లి కొంగు పట్టుకుంది. "ఏమే, యాడికి?"

"నాయన కోసరం మా. వదులు."

వదిలించుకుని గొంతెత్తింది. "ఆగండి! ఆ దారిలో గెలాక్సీ లేనే లేదు. అవి దొంగగీతలు, నిరూపిస్తా. దీనికింద పేరు పెట్టుకున్నోళ్లను ఈ జన్మలో ఎవురూ నమ్మగూడదు!"

చప్పట్లు ఆగిపోయాయి. సారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ ముఖాన్ని ఆమె కరువుదీరా చూసుకుంది. ఆయన మాత్రం ఆమెనే చూస్తూ, "ఏం పని చేసినావమ్మా?" అన్నాడు.

అప్పటికే ఆయన వేలు మీట నొక్కేసింది. వ్యాసం మొదటి పేజీ తెర మీదికొచ్చింది.

దాని మీద పద్మప్రియ పేరొక్కటే ఉంది.