గాలిదా, నీళ్లదా?

"మీరు తీసుకోండి" అన్నాడు రోలండ్, కారు ఇంజన్‌కి పెట్టే కూలర్‌ని ఇంకాస్త గట్టిగా పట్టుకుని.

"అబ్బే, మీరే తీసుకోండి" అన్నాడు రెండో కొస పట్టుకున్న టోపీ పెద్దమనిషి. ఆయనా వదల్లేదు.

లింకన్‌షైర్‌లో ఓ పొలం. ఆదివారం పొద్దున, సన్నటి తుంపరలో పాత కారు సామాన్ల సంత. బల్ల వెనక కూర్చున్న డోరీన్ అల్లుతున్న స్వెట్టర్ ఆపకుండానే ఇద్దరినీ చూసింది.

"అలాంటిది ఉన్నది ఒక్కటే నాయనా. మీ మర్యాదలు అయ్యాక చెప్పండి" అంది.

రోలండ్‌కి అది కావాల్సిందే. విడిభాగాలు తెప్పించుకుని రెండేళ్లుగా తన షెడ్డులో సొంతంగా బిగించుకున్న కారుకి బుధవారం ప్రభుత్వ పరీక్ష. నెగ్గితేనే రోడ్డెక్కుతుంది. తప్పితే మళ్లీ తేదీ దొరికేది అక్టోబరులో. పైకప్పు లేని కారు వానల్లో ఏం చేసుకుంటాడు? ఇంజన్‌కి టర్బో పెట్టాడు గానీ, అది లోపలికి తోసే గాలి మరీ వేడెక్కిపోయి ఇంజన్ టకటకా కొట్టుకుంటోంది. ఆ గాలిని చల్లార్చే కూలర్ ఇవాళే దొరకాలి. చేతిలో ఉన్నది ఎదురుగాలితో చల్లార్చేది. బల్ల మీద ఇంకోటి ఉంది, నీళ్లతో చల్లార్చేది. దానికి తొట్టె, పంపు, పైపులు, మళ్లీ ఓ చిన్న రేడియేటరూ. మూడు రోజుల్లో తెమిలే పని కాదు.

ఆ చుట్టుపక్కల సంతలో పోట్లాడుకోవడం మర్యాద కాదు. అందుకని రోలండ్ సలహా ఇవ్వడం మొదలుపెట్టాడు.

"మీరూ సొంతంగా కట్టుకుంటున్నారా అండీ?"

"అవునండీ. చిన్న బండి, ఎర్రది."

"అయితే ఇది మీకొద్దు. ఇది గాలిది. ఎదురుగాలి తగులుతున్నంతసేపే పనిచేస్తుంది. ట్రాఫిక్‌లో ఆగారా, పొయ్యి పక్కన కూచున్నట్టే. ఆ నీళ్లది చూడండి, రాజాలాంటి సరుకు."

"గాలిదైతే బిగించడం తేలికనుకున్నానండీ."

"తేలికే. ముందు కారు ముక్కు కొయ్యాలి మరి, ఇంత బొక్క. కోసిన అంచు కత్తిలా ఉంటుంది. పరీక్షలో వేలుపెట్టి తడుముతారు. గీరుకుందా, అటునుంచటే ఇంటికి పంపేస్తారు."

"మరి మీరెందుకు కొంటున్నారు?"

ఇక్కడ రోలండ్ నోరు మూసుకోవాల్సింది. కానీ గెలిచేశానన్న ఊపులో ఉన్నాడు.

"నాకు కిటుకు తెలుసు లెండి. అంచు చుట్టూ రబ్బరు పట్టీ అంటించేస్తా. పరీక్ష అవగానే ఇంటికొచ్చి పీకేస్తా. ఇన్‌స్పెక్టర్లకి అంత బుర్ర ఎక్కడేడ్చింది? టీ వేళ ఎప్పుడవుతుందా అని గడియారం చూసుకుంటుంటారు."

"అమ్మో, నాకంత గుండె లేదండీ" అని పెద్దమనిషి కొస వదిలేశాడు. బుద్ధిగా నీళ్లది కొనుక్కుని వెళ్లిపోయాడు. రోలండ్ ఇల్లు చేరేదాకా ఈల వేస్తూనే ఉన్నాడు.

బుధవారం పరీక్షా కేంద్రంలో రోలండ్ కారు దిగేసరికి, అట్టపలకకి కాగితాలు తగిలించుకుని ఇన్‌స్పెక్టర్ బయటికొచ్చాడు. నెత్తిన టోపీ లేదు. మనిషి మాత్రం ఆయనే.

రోలండ్ మళ్లీ కారెక్కబోయి ఆగిపోయాడు.

"గుడ్ మార్నింగ్" అన్నాడాయన, ముందెన్నడూ చూడనట్టు. దీపాలు చూశాడు, బ్రేకులు చూశాడు, బెల్టులు గుంజి చూశాడు. అన్నీ సరే అన్నాడు. తర్వాత కారు ముక్కు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

రబ్బరు పట్టీని గోటితో గిల్లాడు. పట్టుకుని లాగాడు. ఊడలేదు. ఇంకాస్త గట్టిగా లాగాడు. వంగి వాసన కూడా చూశాడు. రోలండ్‌కి రెండేళ్ల ఆదివారాలూ కళ్లముందు గిర్రున తిరిగాయి. ఏడుపొక్కటే తక్కువ.

"సార్, ఆవేళ నేనేదో నోటికొచ్చింది వాగేసి..."

"ఉండండి, రాసుకుంటున్నాను."

రాయడం అయ్యాక ముద్ర కొట్టి కాగితం చేతికిచ్చాడు. నెగ్గింది. రోలండ్ నమ్మలేక దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ అటూ ఇటూ చూసి పక్కకి జరిగాడు.

"మీ మాట విని నీళ్లది పెట్టానండీ. తొట్టె లోపల పట్టి చావలేదు, బానెట్‌కి ఇంత బొక్క కొయ్యాల్సొచ్చింది. వచ్చే నెల పక్క జిల్లాలో నా కారుకి పరీక్ష" అని గొంతు తగ్గించాడు. "ఇంతకీ మీరు వాడింది ఏ గమ్ము?"