ఏడో గీత

రాత్రి డ్యూటీకి వస్తూనే అతను సరుకును పరీక్షించే చలిగది తలుపు బయటి నుంచి బిగించి, కంప్యూటర్ తెర ముందు కూర్చున్నాడు. లోపల పన్నెండు ఫిల్టర్లు. సెల్ టవర్లకెక్కే సరుకు. తెర మీద ఒక్కోదానికీ ఒక గీత; ఎంత చలికీ అది జరగకూడదు. పదకొండు బుద్ధిగా నిలిచాయి. తలుపు పక్కనున్న ఏడోది మాత్రం వణుకుతోంది.

"మనిషి వేడి తగిలినా గీత జరుగుతుందిరా" అనేవాడు, పని నేర్పిన బావ. ఇవాళ ఆ ఫిల్టర్లను లోపల అమర్చిందీ బావే.

లోపల టక్ టక్‌మని చప్పుడు. ఇంజనీరుకు ఫోన్ చేసి చప్పుడు గురించీ, ఏడో గీత గురించీ చెప్పాడు.

"అది కంప్రెసరయ్యా! ఆ గీతంటావా, ఫిల్టరు తయారీలో తేడా, డజనుకొకటి అలాగే ఏడుస్తుంది. తలుపు తీశావో, చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే."

చలి పెంచాడు. మైనస్ నలభై. చప్పుడు నెమ్మదించి, ఆగిపోయింది. ఏడో గీత మెల్లగా వచ్చి మిగతావాటితో కలిసింది. హమ్మయ్య అనుకుని 'పాస్' అని రాశాడు.

అంతలో అక్క ఫోన్.

"ఒరేయ్, మీ బావ బయల్దేరాడా? ఫోనెత్తట్లేదు."

అతను వెనక్కి తిరిగాడు. చలిగది గుమ్మం పక్కన బావ చెప్పులు విడిచినవి విడిచినట్టే ఉన్నాయి.



తెర మీద ఏడో గీత ఇసుమంతైనా వణకడం లేదు.